గోపాల్ సారు సగంల ఆపిన ఫైల్

కరీంనగర్‌ల వెబ్ సర్వర్లు నడిపే ఓ చిన్న ఆఫీసుల వనితకు సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పింది గోపాల్ సారే. బాయిల బొగ్గు తవ్వే హనుమంతు బిడ్డ ఆమె. మందమర్రి నుంచి డిగ్రీ కాయితం పట్టుకొని బెరుకుబెరుకుగ వస్తే, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న గద" అని పక్కన కూసోవెట్టుకున్నడు.

ఆ సర్వర్‌ల లింక్డ్ లిస్టు సారు రాసిందే. వచ్చిన ప్రతి రిక్వెస్టుకు నోడ్లనే చిన్న డబ్బాలను ఒకదాని వెనుక ఒకటి అతికిస్తది. ఒక్కో నోడ్‌కు విడిగ మెమరీ తీసుకుంటది, విడిగ ఇడుస్తది. రిక్వెస్టు నడిమిట్ల తెగితే మాత్రం కొన్ని నోడ్లు ఇడువకుంటనే ఉండిపోయేటియి. ఓ కాలేజీ ఫలితాలు పెట్టిన నాడు మెమరీ నిండి సర్వర్ కూలవడ్డది.

మీటింగుల అందరి ముందట వనిత లేచింది. "రిక్వెస్టుకో పూల్ పెడుదాం సార్. ముందే పెద్ద మెమరీ ముక్క తీసుకొని నోడ్లన్నీ అండ్లకెళ్లే ఇద్దాం. పనైపోంగనే పూల్ మొత్తం ఒక్కపారే ఇడుద్దాం. మీ పద్ధతి పాతగైంది."

ఆ ఆఖరు మాట అనకున్నా నడుస్తుండె. సారు మొఖం చిన్నబోయింది. నెల తిరగకముందే పని ఇడిసిపెట్టి లక్సెట్టిపేటకు పోయిండు. సర్వర్‌ను వారానికోపారి ఆపి, మళ్ల లేపుకుంట ఆఫీసు ఏడాది నెట్టుకొచ్చింది. ఫోన్ చేద్దాం, చేద్దామనుకుంటనే వనితకూ ఏడాది గడిచింది. గుండె ఆగి సారు పోయిండన్న కబురే వచ్చింది.

పూల్ రాసే పని ఆఖరుకు ఆమె మీదనే వడ్డది. సారు ఫోల్డర్ తెరిస్తే, ఆయన పని ఇడిసిన వారం తేదీతోని ఓ ఫైల్ కనవడ్డది. పూల్‌కెళ్లి నోడ్ తీసే ఫంక్షన్ సగం రాసి ఉన్నది. ఆపిన కాడ ఒక వరుస: "పూల్ నిండితే కొత్త ముక్క ఎట్ల కలపాలె? వనితను అడగాలె."

కుర్చీల కూసుండిపోయింది, కండ్లల్ల నీళ్లు ఆగలే. తుడుచుకొని ఆ మిగిలింది రాసింది. మూడు వారాలు సర్వర్ ఒక్కపారి సుత ఆగలే. నాలుగో వారం లక్సెట్టిపేట బస్సెక్కింది.

"సారు మొదలువెట్టిందే ఇప్పుడు నడుస్తున్నదమ్మా," అని సారు భార్య రేవతమ్మకు చెప్పింది.

"గా ముచ్చట ఆయనుండంగ చెప్తే ఎంత సంబురపడుతుండెనో బిడ్డా. ఫోన్ మోగినప్పుడల్లా నీదేమోనని చూస్తుండె."

"తప్పైందమ్మా."

రేవతమ్మ కోపం చెయ్యలే. "ఇంత తిని పో," అని బువ్వ వడ్డించింది.