మస్తానన్న సుత్తి

సుత్తి చప్పుడు నేను వినలేను. ఏళ్లుగా ఇంతే. ఇనుప పనిముట్లు అమ్ముకుని బతికేవాడికి ఇదెలాంటి రోగమో మీరే ఆలోచించండి. ఎవరైనా సుత్తి బాగుందో లేదో చూద్దామని నేలమీద కొడితే, "బయటికిపోయి కొట్టుకోప్పా, తలనొప్పిగా ఉండాది" అంటాను. తలనొప్పి కాదు. అదేమిటో మా ఇంటామెకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా అంగడికి వచ్చేవాళ్లు కాదు గదా. చూశారా, ఒప్పుకోవడానికి కూడా నాకు నష్టం లేని చోటే వెతుక్కున్నాను.

మాది బేతంచెర్ల. నాపరాళ్ల ఊరు. మా నాయన, చిన్నాయనలు అందరూ గల్లాపెట్టె ముందు కూర్చున్నవాళ్లే. నాకు నడక కంటే బేరం ముందొచ్చిందని మా అమ్మ నవ్వేది. మా అంగళ్లలో బోణీ పట్టింపు శానా. పొద్దున మొదటగా వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపకూడదు. పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే. దేవుడి సంగతిలో నాకు అనుమానాలున్నాయి. బోణీ సంగతిలో లేవు.

ఆ రోజు బోణీకి వచ్చింది మస్తానన్న. రైల్వే గేటు పక్కన ఆయన మెకానిక్ షెడ్డు. క్వారీకి తిరిగే ట్రక్కు ఒకటి, నాలుగు చక్రాలూ లాగే రకం, ముందు చక్రం ఊళపెడుతోందట. బేరింగులు విప్పాలి. ఆ రకం బండికి ముందు చక్రం మధ్యలోంచి ఇరుసు వస్తుంది. నట్టు లోపలికి ఉంటుంది, మామూలు పానా అందదు. పొడుగు బాక్సు పానా అడిగాడు. తీసి ముందు పెట్టాను. అంతవరకూ నేను మంచివాణ్ణే.

తర్వాత ఇత్తడి కడ్డీ అడిగాడు. బేరింగులో రోలర్లు చేతికే వచ్చేస్తాయి. వాటి చుట్టూ ఉండే ఉక్కు కప్పు మాత్రం చక్రం లోపల బిగిసి కూర్చుంటుంది. దాన్ని వెనకనుంచి కొట్టి దింపాలి. ఉక్కును ఉక్కుతో కొడితే పెచ్చు ఎగురుతుంది. ఇత్తడి మెత్తన, తానే నలుగుతుంది. ఇది నాకు తెలియదా? మా నాయన నన్ను అంగట్లో కూర్చోబెట్టిన కొత్తలోనే చెప్పాడు.

నా దగ్గర ఇత్తడి కడ్డీ లేదు. ఎదురంగట్లో ఉంది. అదీ నాకు తెలుసు.

"అయిపోయిండాదన్నా. ఈ ఉలి తీసుకో" అన్నాను. రాళ్లు చీల్చే ఉలి. మా ఊళ్లో వాటికి కొదవా?

"మెత్తంది అడగతాండా సేటూ, నువ్వు గట్టిది చూపిస్తాండావు. పోనీలే, పానా కూడా ఆ ఎదురంగట్లోనే తీసుకుంటా."

"బోణీ బేరం, కాలు బయట పెట్టొద్దు. నాపరాయినే చీల్చే ఉలి, ఇంత కప్పును దింపలేదా?"

"పెచ్చు లేయదు గదా?"

"నాది పూచీ."

ఆయన ఉలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ నాయన మాట మీద ఈ అంగట్లో కండ్లు మూసుకుని కొన్యాం. నోరు మాత్రం నీది ఆయన కంటే పెద్దదప్పా" అని నవ్వి, రెండూ తీసుకుని వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే పెచ్చు ఎగిరి ఆయన ఎడమ కంట్లో పడింది.

కబురు విని షెడ్డుకు పరిగెత్తాను. అప్పటికే ఆయన్ను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. సామాను అక్కడే పడి ఉంది. ఉలి మొనలో ఒక మూల లేదు, బియ్యపు గింజంత. మస్తానన్నకు వాళ్ల నాయన నుంచి వచ్చిన సుత్తి తీసి చూశాను. కొట్టే మొహం నున్నగా ఉంది. అంచున మాత్రం రెండు పాత గాట్లు, ఏ సుత్తికైనా ఉండేవే. ఉలిని జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నాను? ఆ క్షణంలో ఆలోచించలేదని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. అబద్ధం. అంత వేగంగా నేను ఏ బేరంలోనూ ఆలోచించలేదు.

మరుసటి రోజు బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి పోయాను. కంటికి కట్టు. చూపు రాదని చెప్పేశారంట. "ఏమైందో నాకే అర్థం కాల్యా సేటూ" అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. నన్ను అనలేదు, ఉలిని అనలేదు. నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. కానీ నేను అమ్మకుండా ఉండలేను గదా, ఆ రోజు కూడా ఒకటి అమ్మాను. "మీ నాయన సుత్తి అంచులు పగిలిండాయన్నా. దాన్నుంచే వచ్చుంటాది" అన్నాను.

మస్తానన్న నమ్మాడు. వాళ్ల నాయన చెయ్యి పట్టి పట్టి, ఆ సుత్తి పిడి నడుమ అరిగి పల్లం పడి ఉండేది. ఇంటికి వచ్చాక దాన్ని తీసుకుపోయి, నీళ్లు నిండిన పాత క్వారీ గుంతలో పారేశాడు.

ఆయన ఇప్పటికీ నా దగ్గరే కొంటాడు. షెడ్డులో పనివాళ్లకు, "పాత సుత్తి నా కన్ను తినింది, సేటు చెప్పేదాకా తెలియల్యా" అని బుద్ధి చెబుతాడంట. ఇత్తడి కడ్డీలు నా అంగట్లో ఇప్పుడు ఎప్పుడూ అయిపోవు. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకునేంత తెలివితక్కువవాణ్ణి కాను. సరుకు నిల్వ, అంతే.

మొన్న పొద్దున వచ్చి కొత్త సుత్తులు ఒక్కొక్కటీ చేత పట్టి చూశాడు. తల పక్కకు తిప్పి, ఉన్న కంటితో. "మా నాయనది పట్టుకుంటే చేతికి బరువే తెలిసేది కాదప్పా. అట్లాంటిది ఉండాదా?" అన్నాడు.

"అట్లాంటివి ఇప్పుడు రావన్నా" అన్నాను. ఇంకో మాట గొంతుదాకా వచ్చింది. ఆయన బోణీ చేసి వెళ్లిపోయాడు.

ఆ మాట మీ ముందు పెడుతున్నాను, ఆయన ముందు పెట్టడానికి నాకు ఇంకా ధైర్యం లేదు గనక. కన్ను పోగొట్టింది నేనమ్మిన ఉలి. మస్తానన్న సుత్తి మంచిదే.