చింతగింజల గంజి

జుట్టుకు రాసుకునే జెల్ డబ్బా మూత తీసి వేలు ముంచగానే, ఆ జిగురుకు మా అవ్వ గుర్తొచ్చింది.

చదువుకోవడానికి ఆఫ్రికా నుంచి అనంతపురం వచ్చి అమ్మను పెళ్లాడిన నాయన రింగుల జుట్టే నాకూ వచ్చింది. బోరు ఉప్పునీళ్లకు అది పీచులా బిరుసెక్కి, దువ్వెన పళ్లు విరిగేవి. బడిలో నన్ను గొర్రె అనేవాళ్లు. నాకు ఏడేళ్లప్పుడు, కరువు వేసవిలో, అమ్మ విసిగిపోయి గుండు కొట్టిస్తానంది.

కంబళ్లు నేసే అవ్వ అడ్డుపడింది.

"ఆ దువ్వెన పక్కన పెట్టు మే. గంజి పెట్టకుండా ఉన్ని దారం లాగితే తెగదా?"

ట్యాంకరు నీళ్లలో తన వాటా బిందె తెచ్చి నా తల తడిపింది. కంబళి దారానికి పెట్టే చింతగింజల గంజినే పలచగా కలిపి, పాయపాయకీ వేళ్లతో పట్టించింది. ఆ పచ్చి వాసనకు నాకు ఏడుపొచ్చింది. అవ్వ కూడా నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను.

"నేను గొర్రెనా అవ్వా?"

"కాదు. ఉన్ని సంగతి తెలిసినోళ్లింట్లో పుట్టినావు, అంతే."

డబ్బా మీద వాడే పద్ధతి చదివాను. తడి జుట్టుకు, పాయలుగా తీసి, వేళ్లతోనే పట్టించాలట.

ఆ వేసవంతా వారం వారం నా తల తడిపిన అవ్వ, తన తల ఎప్పుడు తడుపుకుందో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.