వానలో అక్క నేర్పిన ఇంగ్లీషు

నిన్న మనవరాలు వానలో వచ్చి తల తుడుచుకుంటుంటే, ఆ తడి జడల వాసనకు మా అక్క గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా, గొడుగు లేని ఇళ్లలో గోనెసంచిని మడిచి తలమీద కప్పుకునేవాళ్లం? వడమాలపేట బడి నుంచి అక్కా నేనూ ఒకే సంచి కింద నడిచేవాళ్లం. అక్కకు ఇంగ్లీషంటే ప్రాణం.

"మే, 'వెట్' అంటే తడి. 'డ్రెంచ్డ్' అంటే నిలువునా తడిసిపోయినది. అదే అర్థానికి 'బిడ్రెంచ్డ్' అని పాత మాటొకటి ఉండాది, ఇప్పుడు ఎవురూ అనరు" అంది ఒకసారి.

"ఎవురూ అననిది మనకెందుకక్కా?"

"మనం అంటే మళ్లా బతుకుతాది గదా."

టీచరమ్మ కావాలనుకుంది అక్క. ఆ ఏడే నాయన బడి మాన్పించి, నగరిలో నేతవాళ్లింటికిచ్చి పెళ్లి చేశాడు.

మరుసటి వానాకాలం బడికి ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. దోవలో ఏదో చెప్పాలని పక్కకు తిరిగి, ఆగిపోయేదాన్ని.