మా ఆయన వేసిన రాగితీగ

మా ఆయన తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. ఏటా పదో తరగతి పిల్లలకు ఫ్యూజు గురించి ఆయన చెప్పేంత భక్తిగా మా చర్చి అయ్యగారు పది ఆజ్ఞల గురించి కూడా చెప్పరు.

"ఫ్యూజు పోయిందంటే అది పాడైందని కాదర్రా, దాని పని అది చేసిందని! దాని బదులు లావు తీగ పెట్టేవాణ్ణి ఏమంటారు?"

"మూర్ఖుడండీ!" అని క్లాసంతా అరుస్తుంది. నేనూ అదే బళ్ళో తెలుగు టీచర్ని. పక్క గదిలోకి ఆ జవాబు స్పష్టంగా వినిపిస్తుంది.

ఒక వానాకాలం ఉరుముల మధ్య మా టీవీ ఆగిపోయింది. బజారు నుంచి వచ్చిన మెకానిక్ వెనక మూత విప్పి, పవర్ బోర్డు మీద నల్లబడిన చిన్న గాజు ఫ్యూజును చూపించాడు. అలాంటిది తన దగ్గర లేదన్నాడు. రాగితీగముక్క ఒకటి తీసి, ఫ్యూజు రెండు కొసలనూ కలుపుతూ అతికేశాడు. టీవీ వెలిగింది.

"అదేంటయ్యా, ఫ్యూజు వెయ్యవా?" అన్నారు మా ఆయన.

"వేస్తే మళ్ళీ పోద్ది సార్. ఇదైతే ఈ జన్మలో పోదండి."

ఇప్పుడు పాఠం మొదలవుతుందని నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. మొదలవలేదు. ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచి ఉంది.

టీవీ బాగానే పనిచేసింది. ఎంత బాగా అంటే, మా ఆయనకు వైద్యం ఇంత సులువా అనిపించేంత. టంకం వేసే కడ్డీ కొన్నారు. బంధువుల ఇళ్ళల్లో ఏది ఆగినా మూత విప్పడం, ఫ్యూజు నల్లబడి ఉంటే తీగ అతకడం. అన్నీ బతకలేదుగానీ, బతికినవాటి పేరు మాత్రం ఊళ్ళు దాటింది. బాపట్లలో మా అక్క, ఫ్రిజ్ స్టెబిలైజరు మళ్ళీ పనిచేసిన రోజున, "మరిదిగారి చేతిలో ఏదో మహత్తుంది" అంటూ రొయ్యల కూర కొసరి కొసరి వడ్డించింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనడిగాను. "పిల్లలకి చెప్పేది ఇంకోలా ఉంటుంది కదండీ?"

"అది పరీక్షకి. ఇది సంసారం" అన్నారు.

మా పుట్టిల్లు రేపల్లె. అక్కడి మా చర్చిలో కోతల పండగ చాలా బాగా చేస్తారు. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు కానుకగా తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, అందరూ కలిసి భోంచేస్తారు. ఆ ఏడు మేము పండగ ముందు రోజే వెళ్ళాం. వెళ్ళేసరికి చర్చి యాంప్లిఫయరు ఆగిపోయి ఉంది. సంఘపెద్ద ఒకాయన మా అమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తున్నారు.

"మాస్టారూ, మైకు లేకపోతే వేలం ఎలాగండి? మీరే గట్టెక్కించాలి."

మా ఆయన మూత విప్పారు. ఫ్యూజు లోపల తీగ ఆవిరైపోయి గాజంతా మసిపట్టి ఉంది. ఎందుకలా పోయిందో చూడడానికి తీరిక లేదు. పాటల బృందం సాధన కోసం నిలబడి ఉంది. "పండగయ్యాక అసలు ఫ్యూజు వేద్దాంలెండి" అంటూ తీగ అతికేశారు. మైకు పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆరాధన నిర్విఘ్నంగా జరిగింది. వేలం మొదలైంది. సంఘపెద్ద గుమ్మడికాయను పైకెత్తి మైకులో పాట పెంచుతున్నారు. అంతలో మాడు వాసన వచ్చింది. వెనక బిర్యానీ అడుగంటిందనుకుని ఇద్దరు ఆడవాళ్ళు వంటశాలకేసి పరిగెత్తారు. సంఘపెద్ద గొంతు మైకులో గేదె రంకెలా మారింది. యాంప్లిఫయరు చిల్లుల్లోంచి నల్లటి పొగ, దాని వెనకే మంట. బల్ల మీది గుడ్డ అంటుకుంది.

ఎవరో నీళ్ళ బక్కెట్ ఎత్తారు.

"నీళ్ళు పొయ్యకండి! కరెంటుంది!" అని మా ఆయన అరిచిన అరుపుకు మైకు అవసరం లేకపోయింది. పరుగున వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగారు. ఫ్యాన్లు ఆగాయి. వెనక్కొచ్చి గుడ్డ లాగి కింద పడేశారు, ఆ లాగడంలో అరచెయ్యి కాలింది. ప్రహరీ గోడ కోసం పోయించిన ఇసుక బయటే ఉంది. మనుషులు గంపలతో తెచ్చి పోశారు. మంట చచ్చింది. ఆ బల్ల పక్కనే పాటల బృందంలోని చిన్నపిల్లలు కూర్చుని ఉండటం నేను చూశాను.

ఇంత జరిగినా మెయిన్ బోర్డులోని ఫ్యూజు ఎందుకు పోలేదని మా ఆయన దాన్ని ఊడదీసి చూశారు. అందులో పురికొస లావు తీగ చుట్టి ఉంది.

"క్రిస్మస్ లైట్లకి అస్తమానం పోతుంటే నేనే చుట్టానండి" అన్నారు సంఘపెద్ద, కాస్త గర్వంగానే.

మా ఆయన చేతికి తడిగుడ్డ చుట్టుకుని అయ్యగారి దగ్గరికెళ్ళారు. "తప్పు నాదండి. ఫ్యూజు వెయ్యాల్సిన చోట తీగ పెట్టాను."

"ఛఛ, మీదేం తప్పు మాస్టారూ, వోల్టేజీది!" అన్నారు సంఘపెద్ద. అవునవునన్నారు అందరూ. "అల్లుడుగారే లేకపోతే చర్చి అంటుకునేది" అంది మా అమ్మ. ఆ రోజు మా ఆయన తప్పు ఒప్పుకోవడానికి చాలామంది దగ్గర ప్రయత్నించారు. ఎవరూ ఒప్పుకోనివ్వలేదు. బిర్యానీ పెట్టి, శాలువా కప్పి, స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించారు.

తెనాలి చేరగానే మా టీవీ మూత విప్పి, సరైన ఫ్యూజు కొనుక్కొచ్చి వేశారు. తర్వాతి ఆదివారం బాపట్ల. "బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు పాడుచేస్తారు మరిదిగారూ?" అని మా అక్క స్టెబిలైజరుకు అడ్డం నిలబడింది. కాలిన చెయ్యి చూపిస్తేగానీ తప్పుకోలేదు. ఈసారి కూరలో రొయ్యలు లేవు.

రేపల్లె చర్చికి కొత్త యాంప్లిఫయరు వచ్చింది. బిగించడానికి అనుభవమున్న మనిషని మా ఆయన్నే పిలిచారు. అందులోని ఫ్యూజు అలాగే ఉంచి, మెయిన్ బోర్డులోని లావు తీగ తీసేసి సరైన ఫ్యూజు తీగ వేసి వచ్చారు. తర్వాతి ఆదివారం ఫోను. ప్రసంగం మధ్యలో మైకు ఆగిపోయిందట.

మళ్ళీ వెళ్ళాం. ఫ్యూజు పోయి ఉంది. ఈసారి మా ఆయన యాంప్లిఫయరు నుంచి వెళ్ళే వైరు పట్టుకుని గోడ వెంట స్పీకరు దాకా వెళ్ళారు. బీరువా వెనక ఎలుక కొరికేసి, రెండు పోగులూ ఒకదానికొకటి తగులుతున్నాయి. వైరు మార్చారు. కొత్త ఫ్యూజు వేశారు. మైకు పలికింది.

"ఫ్యూజు ఉండబట్టే యాంప్లిఫయరు మిగిలిందండి" అన్నారు సంతోషంగా.

"ఏమోనండి, మీరు పండగప్పుడు చేసినట్టు తీగ వేసేస్తే, అయ్యగారి ప్రసంగమైనా పూర్తయ్యేది" అన్నారు సంఘపెద్ద.

మా ఆయన కడ్డీ, స్క్రూడ్రైవరు సంచిలో సర్దుకున్నారు. ఈసారి స్టేషన్‌కు మేమిద్దరమే నడిచి వెళ్ళాం.