విచ్చుకునే పెల్లెట్లు, విసుగెత్తని ఎబెన్

పరీక్షించకుండా దేన్నీ నమ్మే మనిషి కాడు ఎబెన్. కొత్త గొడుగు కొంటే ముందు షవర్ కింద విప్పి నిలబడి, తల తడవలేదని తేలాకే వీధిలోకి తీస్తాడు. చర్చిలో కుర్చీ చూపిస్తే చేత్తో అదిమి, సగం కూర్చుని, ఆనక పూర్తిగా కూర్చుంటాడు. ఈలోగా పాస్టరుగారు సగం ప్రార్థన ముగించేస్తారు. "ముందు చెక్ చేద్దాం" అన్నది అతని ఊతపదం. చదువుకోసం పరదేశం వచ్చి, మాసన్ లేక్స్ అనే పేటలో అతనితో ఒకే ఇంట్లో ఉంటున్న కుర్రాళ్ళు ఆ మాట వినబడితే చాలు, తలుపులేసుకునేవారు.

అందరికన్నా గట్టిగా తలుపేసుకున్నవాడు నాథన్. పాపం, అతని కారణం వేరు. స్టాటిస్టిక్స్ తప్పాడు. యూనివర్సిటీవాళ్ళు సప్లిమెంటరీ రాసుకోమన్నారు. అదీ పోతే చదువు అటకెక్కినట్టే, తట్టాబుట్టా సర్దుకుని కాకినాడ వెళ్ళిపోవాల్సిందే. ఆ దిగులుతో దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు. పుస్తకం మాత్రం తెరవలేదు.

ఒక శనివారం ఎబెన్ ఆ దుప్పటి లాగేశాడు.

"లేరా, రత్నరాజు అంకుల్ పొలానికి వెళ్ళాలి."

"నాకు మూడ్ లేదురా బాబూ."

"నీ మూడ్ ఎవడిక్కావాలి? లెక్కలు కట్టడానికి మనిషి కావాలి. నీ స్టాట్స్ పుస్తకం కూడా పట్రా, ఏమైనా డౌట్ వస్తే చూద్దాం."

రత్నరాజు అంకుల్ ఎప్పుడో అమలాపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆసామి. ఊరవతల కాస్త నేల కొని గోంగూర, బెండ వేశాడు. చర్చిలో కోతపండక్కి గోంగూర తెస్తానని అందరిముందూ మాటిచ్చాడు. సాయంత్రమయ్యేసరికి కుందేళ్ళు దిగి ఆ గోంగూర కొరికేస్తున్నాయి. అంకుల్ దగ్గర ఎయిర్‌గన్ ఉంది, లైసెన్సు ఉంది, అందులో వేసే సీసపు గుళ్ళు, అదే, తగలగానే ముక్కు విచ్చుకునే పెల్లెట్లు రెండు రకాలున్నాయి. లేనిదల్లా ఎబెన్ అనుమతే.

"ఏది సరిగ్గా విచ్చుకుంటుందో తేలకుండా కాల్చొద్దంకుల్. విచ్చుకోకుండా దూసుకుపోయిందనుకోండి, కుందేలు గాయంతో పొదల్లో పడి నరకం చూస్తుంది. ముందు చెక్ చేద్దాం."

అంకుల్ కాల్చడం, ఎబెన్ తవ్వి తియ్యడం, ఎంత వెడల్పు విచ్చుకుందో నాథన్ కొలిచి లెక్కకట్టడం. తడిపిన పేపర్ల కట్టల్లోకి కాల్చారు. ఒంటి సబ్బుల్లోకి కాల్చారు. నాథన్ కూరకని దాచుకున్న పనీర్‌లోకీ కాల్చారు. చివరికి నాథన్ చేసిన ఉప్మాను దిమ్మలా పెట్టి కాల్చారు. పెల్లెట్ అందులో సగం కూడా దిగలేదు.

"ఒరేయ్, కుందేళ్ళు నీ ఉప్మా తింటే చాలురా, తుపాకీ అక్కర్లేదు," అన్నాడు ఎబెన్.

"నోర్ముయ్. రెండు రకాలకీ యావరేజ్ ఒకటే వచ్చింది. ఇంక ఇంటికి పోదామా?"

"ఒకటే ఎలా అవుతుందిరా? ఇవన్నీ ఒక్కలాగే విచ్చుకున్నాయి. అవి చూడు, ఒకటి పువ్వులా ఉంది, ఒకటి మొగ్గలాగే ఉంది. ఆ తేడా నంబర్‌లో చెప్పు."

నాథన్ తిట్టుకుంటూ పుస్తకం తెరిచాడు. స్టాండర్డ్ డీవియేషన్ లెక్కగట్టి, అట్టపెట్టె మీద రాసి చూపించాడు. ఎబెన్ బుర్ర గోక్కున్నాడు.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

పై శనివారం ఇంకో పేచీ. "ఈ తేడా నిజంగా ఉన్నదేనా, ఏదో కుదిరి వచ్చిందా? తేల్చి చెప్పు." నాథన్ మళ్ళీ పుస్తకం తెరిచాడు. ఎబెన్‌కి మళ్ళీ అర్థం కాలేదు. నాథన్ మట్టిలో పుల్లతో గీసి చెప్పాడు, గొంతు చించుకుని చెప్పాడు. ఇంత మందబుద్ధి ఎక్కడ దొరికాడురా దేవుడా అనుకుంటూ, మర్నాడు ఇంకా తేలిగ్గా ఎలా చెప్పాలా అని కూర్చుని చదివాడు కూడా. దుప్పటి ఏ మూల పడిందో ఎవరూ పట్టించుకోలేదు. గోంగూర మాత్రం వారం వారం పలచబడుతూనే ఉంది.

పరీక్షలో రెండు ఫ్యాక్టరీల బల్బుల గురించి అడిగారు. నాథన్‌కి బల్బులు కనబడలేదు, పెల్లెట్లే కనబడ్డాయి. చకచకా రాసి పారేశాడు. పాసయ్యాడు.

ఆ శనివారం ఎవరూ లేపకుండానే లేచి, పేపర్లు తడిపి పట్టుకుని, ఎబెన్‌ని కూడా లాక్కుని పొలానికి తయారయ్యాడు. అంకుల్ అప్పటికే ఎయిర్‌గన్‌లో పెల్లెట్ ఎక్కిస్తున్నాడు.

"అదేంటంకుల్, టెస్టింగ్ లేదా?"

"మొదటి వారమే తేలిపోయిందిగా బాబూ! అన్నీ ఒక్కలాగే విచ్చుకున్నవే మంచివని ఎబెన్ ఆ రోజే చెప్పాడు నాకు."

నాథన్ చేతిలోని పేపర్లు కిందపడ్డాయి. అప్పుడు తట్టింది అతనికి: పోయిన సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్‌లో డిస్టింక్షన్ కొట్టింది ఈ ఎబెన్‌గాడే!

"ఒరేయ్, నీకు రాదా ఇదంతా? అర్థం కాలేదు, అర్థం కాలేదని నా ప్రాణం తోడేశావు కదరా!"

"చదువుకోరా అంటే చదివేవాడివా నువ్వు?" అన్నాడు ఎబెన్, ఎటో చూస్తూ.

నాథన్‌కి కొట్టాలో, కావలించుకోవాలో తెలియలేదు. ఇంత ప్రేమ గలవాణ్ణి మందబుద్ధి అనుకున్నందుకు సిగ్గేసింది. అవతల గోంగూర మడులవైపు చూస్తే మోళ్ళు తప్ప ఏమీ లేవు.

"అంకుల్, మరి కోతపండగ..."

"అయ్యో, గోంగూరదేముంది బాబూ, నువ్వు పాసయ్యావు, అంతే చాలు." రత్నరాజు అతని భుజం తట్టాడు. "ఇంకో సబ్జెక్ట్ మాత్రం తప్పకు నాయనా. ఇప్పటికే పాస్టరుగారితో బెండకాయలు తెస్తానని చెప్పేశాను!"