చెప్తారమ్మ

కాలిన గాయాల వార్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె చెప్తారమ్మ. కెమెరా గదిలో గాయాన్ని బొమ్మ తీశాక ఎవరేం అడిగినా "డాక్టర్‌గారు చెప్తారు" అనే ఒక్క ముక్కే అనేది మరి. నోట్లో నువ్వుగింజ నానని మనుషులను చూశాం. ఈమె నోట్లో పడ్డ నువ్వుగింజ మొలకెత్తాల్సిందే గాని బయటికి రాదు.

అది పొగరు కాదు. ఆ కెమెరా గాయం మీదికి సన్నటి లేజర్ వెలుగు పంపి, చర్మం కింద రక్తం ఎంత ఆడుతోందో చూస్తుంది. బాగా ఆడితే తెర మీద ఎరుపు, ఆడకపోతే నీలం. ఎరుపు వచ్చిన చోట పైపైనే కాలినట్టు, దానంతటదే మానుతుంది. నీలం వస్తే లోతుగా కాలినట్టు, తొడ మీది చర్మం తీసి అతకాలి. జనానికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఎరుపు చూసి ఇంకా మండుతోందని ఏడుస్తారు, నీలం చూసి చల్లారిందని దండం పెడతారు. ఒకసారి ఓ తండ్రి కొడుకు కాలు నీలంగా పడ్డ బొమ్మ చూసి, ఆనందం పట్టలేక ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆ రోజే ఆమె తెరను గోడవైపు తిప్పేసి, నోటికి తాళం వేసుకుంది.

ఆ తాళం అక్క వచ్చేదాకా ఊడలేదు.

అక్క దర్జీ. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని పెంచింది ఆమె కుట్టుమిషనే. దుకాణంలో ఇస్త్రీ యంత్రం గొట్టం ఊడి, ఆవిరి ఆమె కుడిచేతి మీదికి కొట్టింది. కాలిన రోజే తీసిన బొమ్మను నమ్మలేరు కనుక రెండు రోజులు ఆగి కెమెరా గదికి పంపారు.

"ఏమే, నన్ను కూడా గోడ చూడమంటావా? ఆ తెర ఇటు తిప్పు," అంది అక్క.

అక్క మాట ఎప్పుడు తీసేసింది గనక? తిప్పింది. చెయ్యంతా నీలం.

"చల్లారిపోయిందిగా! దానికి మొహం అలా పెట్టావేంటే పిచ్చిదానా?"

అప్పుడు చెల్లెలి మెడకు చలిగాలి తగిలింది. ఏసీ తిన్నగా మంచం మీదికే కొడుతోంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే మంచి చర్మం కూడా నీలంగానే పడుతుంది. మనిషి రాకముందే ఏసీ కట్టేయాలని కొత్తవాళ్లకు నేర్పేది తనే, ఇవాళ మరిచిందీ తనే. తప్పు చేసి ఇంత సంతోషపడటం ఆమెకు అదే మొదలు.

ఏసీ కట్టేసి, అక్కకు భుజాల దాకా దుప్పటి కప్పింది. గది వెచ్చబడేదాకా అక్క నోరు ఊరుకోలేదు. పెళ్లివాళ్ల బట్టలు సగంలో ఉన్నాయట, పనిపిల్లకు కాలర్ తిప్పడం ఎంత చెప్పినా రాదట. చెల్లెలు ఊ కొడుతూ మళ్లీ బొమ్మ తీసింది.

చేతి వెనకంతా ఎర్రగా వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు మాత్రం నీలంగానే ఉన్నాయి. ఇంకోసారి తీసింది. అది పని కోసం కాదు, ఆశ కోసం. బొమ్మ మారలేదు.

"అయ్యో, ఇంత ఎర్రబడిందేంటే? ఆ రెండు వేళ్లే నయం," అంది అక్క.

"డాక్టర్‌గారు..." అని మొదలుపెట్టి ఆపేసింది చెల్లెలు. కత్తెర పట్టేది ఆ రెండు వేళ్లే.

"అక్కా, ఎరుపే మంచిది. చెయ్యి మానిపోతుంది. ఆ రెండు వేళ్లే బాగా కాలాయి. తొడ చర్మం తీసి అతుకుతారు. ముందులా వంగుతాయో లేదో నాకు తెలీదు."

అక్క ఎడమచేత్తో చెల్లెలి కళ్లు తుడిచింది.

సాయంత్రం డాక్టర్ వార్డులో అక్క మంచం దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, మీ వేళ్ల గురించి ఒక మాట చెప్పాలి..."

"మా చెల్లెలు చెప్పింది లెండి," అంది అక్క.