గోబర్ గ్యాసు గుంతలో నా ఇంజనీరింగు

సివిల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో కట్టించిన ఒక పేడ గుంత దగ్గర నేను పరువు పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తొంభైల చివరి మాట. కట్టెల పొయ్యి ఊది ఊది అమ్మకు దగ్గు పట్టుకుంది. ఇక జన్మలో పొగ పీల్చనివ్వనని ఆమెకు మాటిచ్చి, మా ఊరు యాడికిలో, ఇంటి పెరట్లో గోబర్ గ్యాసు ప్లాంటు కట్టించాను. గుంత మీది గుండ్రటి కప్పు, అదే డోము, లోపల గ్యాసు తగిలే చోట రంగు రెండు పూతలు వేయాలని మేస్త్రీ ఓబులేసు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, రంగు వద్దన్నాను.

"తాడిపత్రి నుంచి లారీలో తెచ్చిన సిమెంటప్పా ఇది. పేడ దీన్నేం చేస్తాది?"

"మీరు చదువుకున్నోళ్లు సామీ," అని ఓబులేసు తాపీ కడుక్కున్నాడు. దాన్ని నేను మెప్పు అనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

మొదటి మంట మీద అమ్మ పాలు పొంగించింది. నాలుగేళ్లు మా వీధిలో నేను తల ఎగరేసుకుని తిరిగాను. ఐదో ఏట మంట కందిగింజంత అయింది. అమ్మ మళ్లీ కట్టెల ముందు కూర్చుంది. ఆ దగ్గు వినబడినప్పుడల్లా నాకు సిగ్గేసేది. అయినా తప్పు మా ఎనుములది, అంటే గేదెలదని తేల్చాను. పేడలో బలం లేదని వాటికి నూనె తీసిన చెనిక్కాయ చెక్క మేపాను. ఎనుములు బలిశాయి గానీ మంట బలవలేదు.

"ఎనుముల్ని ఇడిసిపెట్టి నీ గుంతను చూసుకోరా," అంది అమ్మ దగ్గుతూనే.

గుంత ఖాళీ చేయించి, వారం పాటు మూత తీసి గాలాడనిచ్చి, ఓబులేసుతో కలిసి దిగాను. పేడ నిలిచే చోట గోడను సుత్తితో కొడితే ఖంగుమంది. నా ఆనందం మీరు చూడాల్సింది.

"చూసినావా, ఇన్నేండ్లు పేడలో నానినా బండ మాదిరి ఉండాది," అని తల పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వాను.

ఓబులేసు నా నెత్తి మీది డోమును గోటితో గీకాడు. తడిసిన పిండిలా మెత్తబడిన సిమెంటు ఊడి, ముద్దగా నా నోట్లో పడింది.

"పేడ తగిలిన కాడ బాగనే ఉండాది సామీ. గ్యాసు తగిలిన కాడే చెడింది. సిమెంటు తప్పు గాదు. ఆ కుళ్లిన గుడ్ల వాసన ఉంటాదే, అది తేమలో కలిస్తే యాసిడ్ అయి సిమెంటును తినేస్తాది. ఆ సందుల్లోంచి గ్యాసు బయటికి పోతాది. అందుకే రంగు పూత వేయాలంటి."

నోరు ఖాళీగా లేదు కాబట్టి వాదించలేకపోయాను.

మెత్తబడినదంతా గీకి కొత్తగా సిమెంటు పూశాం. ఓబులేసు రెండు పూతల రంగు చాలన్నాడు, నేను పట్టుబట్టి మూడు వేయించాను. పేడ నింపిన కొన్ని వారాలకు నీలం మంట భగ్గున లేచింది. అమ్మ దగ్గకుండా నవ్వింది. గెలిచాను, నేనే గెలిచాను!

"మొదటి టీ ఇంజనీరుకే," అంటూ అమ్మ గ్లాసు తెచ్చింది. చెయ్యి చాచాను. గ్లాసు నన్ను దాటి ఓబులేసు చేతికి పోయింది.

ఇకమీదట ఏ డోము కింద నిలబడినా, మేస్త్రీ చెప్పడం ముగించేదాకా నోరు తెరవనని ఆ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేశాను.